వెతికినది దొరకనప్పుడు మాటను ఎలా మారుస్తున్నారు?

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్స్, నెట్ కొట్టు నడుపుతున్నాను. పద్నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్లకు కావలసినవి వెతికిపెట్టడమే నా పని. దరఖాస్తులు, హాల్ టికెట్లు, అడంగల్ నకళ్లు, పిల్లల పరీక్ష ఫలితాలు. ఈ రోజు మాత్రం నా వల్ల కాలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మధ్యాహ్నం ఖరగ్‌పూర్ నుంచి ఒకాయన వచ్చారు. వయసు యాభై దాటి ఉంటుంది. పుట్టి పెరిగింది అక్కడే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతారట. బంధువుల పెళ్లికి ఇటు వచ్చి, పనిలో పనిగా తాతగారి కాగితం ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. 1934లో రంగూన్‌లో పనిచేసేటప్పుడు ఇచ్చిన గుర్తింపు కాగితం అది. తాతగారు 1942లో బర్మా నుంచి నడిచి వచ్చి, ఖరగ్‌పూర్ రైల్వేలో చేరి, ఇక సొంత ఊరి ముఖం చూడలేదట. ఆ ఊరు ఏదో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాగితం మీద ఇంగ్లీషు చేతిరాత. ఊరి పేరులో మొదటి అక్షరాలు తడిసి చెరిగిపోయాయి, చివర ‘వలస’ అని మాత్రం తెలుస్తోంది. తాలూకా పేరు ‘చిక’ అని మొదలై మడతలో కలిసిపోయింది. జిల్లా మాత్రం గంజాం అని శుభ్రంగా కనబడుతోంది. ఆ ఒక్క మాటను నమ్ముకుని ఆయన రెండేళ్లుగా ఒడిశాలోని గంజాం జిల్లా ఊళ్లన్నీ వెతుకుతున్నారు. బరంపురం కూడా వెళ్లి వచ్చారు.

నేను గంటసేపు కూర్చున్నాను. ‘గంజాం జిల్లా వలస గ్రామం’ అని కొడితే సూరత్ మిల్లులకు వలసపోయే కూలీల వార్తలు వచ్చాయి. ‘గంజాం వలస ఊరి పేరు’ అని కొడితే అవే వార్తలు, వరస మారి వచ్చాయి. ‘రంగూన్ వలస గంజాం తాత ఊరు’ అన్నాను. ఇంకా దూరం పోయాను. తొమ్మిదిసార్లు కొట్టాక చూసుకుంటే, తొమ్మిదిసార్లూ ఒకే ప్రశ్న అడిగానని అర్థమైంది. మాటల వరస మార్చానే తప్ప మాట మార్చలేదు.

నా కొట్టుకు వచ్చేవాళ్లు కూడా ఇలాగే చేస్తారు. దొరక్కపోతే అదే మాటను మళ్లీ, ఈసారి గట్టిగా నొక్కి కొడతారు. మీరందరూ ఏం చేస్తారో చెప్పండి. ఆ పెద్దమనిషి ఆదివారం దాకా ఇక్కడే ఉంటారు.

కోటగుమ్మం (విజయనగరం)
సోమవారం, రాత్రి 9:42

అమ్మా, ఆయన ఒడిశా వెళ్లనవసరం లేదు. మీ కొట్టు ఉన్న ఊరే ఆ తాలూకా కేంద్రం!

‘చిక’ తరువాత మడతలో పోయినది ‘కోల్’ అయి ఉంటుంది. చికాకోల్. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో శ్రీకాకుళం పేరు అదే. చికాకోల్ తాలూకా 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు పోయింది, చికాకోల్ విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. కాగితం 1934 నాటిది కాబట్టి గుమాస్తా గంజాం అని రాయడంలో తప్పేమీ లేదు. తొంభై ఏళ్ల నాటి గంజాంను మనం ఇప్పటి పటంలో వెతుకుతున్నాం, తేడా అక్కడ వచ్చింది.

మన స్టేషను కోడ్ ఎప్పుడైనా గమనించారా? ఆమదాలవలసలో ఉన్న ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషను కోడ్ సీహెచ్‌ఈ. శ్రీకాకుళానికి ఆ అక్షరాలు ఎలా వచ్చాయని చిన్నప్పుడు అనుకునేవాడిని. చికాకోల్‌లోని మొదటి అక్షరాలు అందులో ఇంకా బతికే ఉన్నాయి.

నేను పాత విజయనగరం గురించి సమాచారం పోగు చేస్తుంటాను. నా బాధ ఇంకో రకం. తెలుగులో ‘విజయనగరం కోట’ అని కొడితే సగానికి సగం హంపి వస్తుంది. ‘విజయనగర రాజులు’ అంటే ఇక చెప్పనక్కర లేదు, అంతా కృష్ణదేవరాయలే. తెలుగులో రెండు ఊర్ల పేరూ ఒకటే. ఇంగ్లీషులో మాత్రం మన ఊరికి ‘జెడ్’ అక్షరం ఉంది, అదే నన్ను గట్టెక్కిస్తుంది. అందులోనూ పాత పుస్తకాల్లో ‘గ’కూ ‘ర’కూ మధ్య అచ్చు లేకుండా ‘విజియనగ్రం’ అని ఉంటుంది. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్ విజ్జీ పేరు కూడా అలాగే కనబడుతుంది. తెలుగులోనే వెతకాలంటే పక్కన ఒక తోడు మాట పెడతాను. ‘విజయనగరం పూసపాటి’, ‘విజయనగరం పైడితల్లి’, ‘విజయనగరం గురజాడ’. ఆ తోడు మాట పడగానే హంపి దానంతట అదే తప్పుకుంటుంది. ఇంకా మొండికేస్తే మైనస్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా పక్కనే ‘హంపి’ అని కొడతాను.

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)
సోమవారం, రాత్రి 9:55

కోటగుమ్మం గారూ, ఇది చదివి కాసేపు నోట మాట రాలేదు. ఆయన రెండేళ్లు వెతుక్కుంటూ తిరిగిన తాలూకా నా గుమ్మం ముందే ఉంది. ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

ఇక ఊరు పేరు తేలాలి. ‘వలస’కు ముందు ఏముందో.

మహేంద్రతనయ (మందస వైపు)
మంగళవారం, ఉదయం 6:20

నేను జీడి రైతును. ఊరి సంగతి నాకు తెలియదు గానీ, మాట మార్చడం గురించి ఒకటి చెప్పాలి.

మూడేళ్ల క్రితం మా తోటలో పెద్ద చెట్లు ఆకులు పసుపు రంగుకు తిరిగి ఎండిపోసాగాయి. మొదలు దగ్గర చూస్తే చిన్న రంధ్రాలు, వాటిలోంచి జిగురు, రంపపు పొట్టులాంటిది రాలుతోంది. ‘జీడి చెట్టు ఎండిపోతోంది’ అని వెతికాను. జీడిపప్పు పాకం, జీడిపప్పు ఉప్మా, జీడిపప్పు ధరలు వచ్చాయి. ‘జీడి చెట్టు రోగం’ అన్నాను. మళ్లీ పప్పే. ‘జీడి మందు’ అంటే ఎవరో నాటు వైద్యం చెబుతున్నారు.

చివరికి మా అబ్బాయి పాత పాఠ్యపుస్తకం తెచ్చి చూపించాడు. అందులో ‘జీడిమామిడి’ అని ఉంది. మేము పుట్టి బుద్ధెరిగాక జీడి అనే అంటాం. పలాస బజారులోనూ జీడి అనే అంటారు. కానీ వ్యవసాయ శాస్త్రవేత్తలు రాసేటప్పుడు జీడిమామిడి అని రాస్తారు! ‘జీడిమామిడి పురుగు’ అని కొట్టగానే పప్పు వంటలన్నీ పోయి, ‘కాండం, వేరు తొలిచే పురుగు’ అన్న మాట దొరికింది. ఆ మాటతో మళ్లీ వెతికితే నా తోటలో కనబడినదంతా అక్కడ రాసి ఉంది. రంధ్రాలు, జిగురు, పొట్టు, పసుపు ఆకులు. పురుగు పట్టిన బెరడు చెక్కి పిల్లపురుగులను ఏరి చంపాలని, పూర్తిగా చచ్చిన చెట్టును తోటలో ఉంచకుండా వేళ్లతో సహా తీసేయాలని ఉంది. బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉందన్న సంగతీ అప్పుడే తెలిసింది.

పదకొండు చెట్లు పోయాయి. మిగతావి నిలబడ్డాయి. నా మాటతో నేను అడిగినంతకాలం నాకు జవాబు రాలేదు. జవాబు రాసినవాళ్లు ఏ మాట వాడతారో తెలిసిన రోజున వచ్చింది.

రాజాం మాస్టారు
మంగళవారం, ఉదయం 7:05

మహేంద్రతనయ బాబూ, చక్కగా చెప్పారు. నేను తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేశాను. మీ మాటకు నాదొకటి కలుపుతాను.

మన శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించారు. తెలుగులో అచ్చయిన కథలను సేకరించి, పుటలను ఫోటోలుగా తీసి నెట్‌లోనూ పెట్టారు. చాలా ఏళ్లుగా నేను ఒక కథ కోసం వెతుకుతున్నాను. పడవ సరంగు కథ. చిన్నప్పుడు చదివాను, పేరు గుర్తు లేదు. ‘పడవ’, ‘సరంగు’, ‘గోదావరి వరద’ అని ఎన్ని రకాలుగా కొట్టినా రాలేదు. తరువాత బోధపడింది. అక్కడ ఉన్నవి పుటల ఫోటోలు. కథ లోపలి మాటలను యంత్రం చదవలేదు. దానికి తెలిసినవి కథ పేరు, రచయిత పేరు, పత్రిక పేరు, తేదీ. అంటే నేను అడగవలసింది ‘కథలో ఏముంది’ అని కాదు, ‘ఎప్పుడు, ఎక్కడ చదివాను’ అని. మా నాన్నగారు తెప్పించుకున్న వారపత్రిక ఏదో నాకు తెలుసు, నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది తెలుసు. ఆ పత్రిక, ఆ ఏడాది పట్టుకుని కథల పేర్లన్నీ వరసగా చూసుకుంటూ పోయాను. మూడో రోజున పేరు చూడగానే గుర్తుపట్టాను.

ఇంకొక మనవి. చాలామంది దొరకడం లేదనగానే ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. ముందు తెలుగులోనే మరో మాట ప్రయత్నించండి. శ్రీకాకుళం అని కొట్టినప్పుడు రానివి, వార్తల్లోవి, సిక్కోలు అని కొడితే వస్తాయి. ఆమదాలవలసను ఆముదాలవలస అని రాసేవాళ్లూ ఉన్నారు. మన పేరుకు మనమే నాలుగు రాతలు పెట్టుకున్నాం, నాలుగింటినీ అడగాలి.

వలస గురించి. మన వైపు ఊరి పేరు చివర వలస అంటే వేరే చోటి నుంచి వచ్చి కాపురం పెట్టిన ఊరని అర్థం. ఆమదాలవలస, జియ్యమ్మవలస. ఇలాంటివి ఇక్కడ ఎన్నో. కాగితంలో చెరిగిన జాగాలో ఎన్ని అక్షరాలు పడతాయో కొలిచారా అమ్మా?

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)
మంగళవారం, ఉదయం 8:30

మాస్టారూ, స్కేలు పెట్టి చూశాను. ‘వలస’కు ఇంగ్లీషులో ఆరు అక్షరాలు. వాటి వెడల్పుతో పోలిస్తే చెరిగిన జాగాలో నాలుగైదు అక్షరాలకు మించి పట్టవు. అందుకని ఆమదాలవలస కాదు.

ఉద్దానం ఆడపడుచు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను రాసేది కొంచెం పొడవుగా ఉంటుంది, క్షమించండి. కానీ ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

మాది కవిటి దగ్గర. మా నాన్నకు కిడ్నీ జబ్బు. మా ఉద్దానంలో ఇది ఇంటింటి కథ. మొదట్లో నేను ఫోనులో అడిగిన ప్రశ్న ఇది: ‘కొబ్బరి నీళ్లు కిడ్నీకి మంచివా?’ కొబ్బరి తోటల మధ్య ఉన్నవాళ్లం, మాకు రాదగిన ప్రశ్నే. వచ్చినవన్నీ ‘మంచివే’ అన్నాయి. ‘కిడ్నీలను శుభ్రం చేసే కొబ్బరి నీళ్లు’ అని వీడియోలు. నాలుగు రోజులు రోజుకు రెండు బొండాలు ఇచ్చాను.

ఐదో రోజు రక్తపరీక్ష కాగితంలో పొటాషియం దగ్గర ఎర్ర గీత గీసి ఉంది. డాక్టరుగారు ‘ఏం తాగిస్తున్నావమ్మా’ అని అడిగారు. ఇంటికి వచ్చి మాట మార్చి వెతికాను. ‘కిడ్నీ జబ్బు పొటాషియం కొబ్బరి నీళ్లు’ అని. ఈసారి వచ్చినవి వేరు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. పాడైన మూత్రపిండాలు పంపలేవు, అది రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకోవడమే దెబ్బతింటుంది. మొదట నాకు కనబడినవి ఆరోగ్యవంతుల కోసమో, రాళ్లు ఉన్నవాళ్ల కోసమో చెప్పిన మాటలు. అవి మా నాన్న గురించి కావు.

నా ప్రశ్నలోనే జవాబు దాగి ఉంది. ‘మంచివా’ అని అడిగాను కాబట్టి మంచివని రాసినవే వచ్చాయి. అప్పటి నుంచి మంచి, చెడు, తగ్గించే, నయం చేసే అన్న మాటలేవీ కొట్టను. జబ్బు పేరు, పదార్థం పేరు, రక్తపరీక్ష కాగితం మీద ఉన్న మాట. అంతే. చదివింది డాక్టరుగారికి చూపించి గాని ఏదీ మార్చను.

ఇంకొకటి. ‘ఉద్దానం కిడ్నీ’ అని కొడితే నాయకుల పర్యటనల వార్తలు వస్తాయి. డాక్టరుగారు చీటీ మీద రాసిన ‘క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఆఫ్ అన్‌నోన్ ఎటియాలజీ’ అన్నది ఇంగ్లీషులో అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాను. కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని అర్థం. అప్పుడు తెలిసింది, ఈ బాధ మా ఒక్కరిదే కాదని. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు ఉంది. నికరాగువాలో, ఎల్ సాల్వడార్‌లో చెరకు కూలీలకు ఉంది. ఆ రాత్రి నేను ఎంతసేపు చదివానో. ఎక్కడో ఉన్న ఆ కూలీలు మా ఊరివాళ్లలా అనిపించారు.

నాగావళి (గ్రంథాలయ ఉద్యోగి, పాలకొండ)
మంగళవారం, సాయంత్రం 5:50

ఆడపడుచు గారూ, మీ నాన్నగారు ఇప్పుడు కుదురుగా ఉన్నారని ఆశిస్తున్నాను.

మహేంద్రతనయ గారు తోటలో కనిపెట్టినది గ్రంథాలయ శాస్త్రంలో పాత సమస్య. 1987లో అమెరికాలో ఫర్నాస్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే వస్తువుకు పేరు పెట్టమంటే ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకునే అవకాశం నూటికి ఇరవై కన్నా తక్కువని వాళ్లు చూపించారు. అంటే మనం మొదట కొట్టిన మాట తప్పిపోవడమే సహజం. దానికి సిగ్గుపడనవసరం లేదు.

మార్షియా బేట్స్ అనే ఆచార్యురాలు 1989లో ఇంకొక మాట చెప్పారు. వెతకడం అంటే ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు కాదు, పొదల్లో పళ్లు ఏరుకోవడం వంటిదని. మన వైపు వాళ్లకు దీన్ని వివరించాల్సిన పని లేదు. చిన్నప్పుడు రేగుపళ్లకు వెళ్లినవాళ్లకు తెలుసు. ఒక పొద దగ్గర నాలుగు, అక్కడి నుంచి కనబడిన ఇంకో పొద దగ్గర నాలుగు. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు అనుకున్న పొద దగ్గర చాలాసార్లు ఏమీ ఉండవు. ఆవిడ చెప్పిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దారిలో దొరికినదాన్ని బట్టి మన ప్రశ్నే మారిపోతుంది. మహేంద్రతనయ గారి వెతుకులాటనే చూడండి. ‘ఎండిపోతోంది’ అని బయలుదేరి ‘వేరు తొలిచే పురుగు’ దగ్గర తేలారు.

మా గ్రంథాలయానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది అసలు ప్రశ్న కాదని మాకు ముందే నేర్పిస్తారు. ‘చట్టాల పుస్తకం ఉందా’ అని అడిగిన మనిషికి నిజానికి కావలసింది పోడు భూమికి పట్టా ఎలా వస్తుందన్నది. ‘దేనికోసమండీ’ అని మెల్లగా అడిగితే గాని బయటికి రాదు. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఆ ‘దేనికోసం’ అన్న ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలి.

జిరాక్స్ కొట్టు గారికి ఒక సూచన. ఊరి పేరును వెతకడం మానేయండి, ఊర్ల జాబితాను వెతకండి. జనాభా లెక్కల శాఖ పాత జిల్లా పుస్తకాల్లో తాలూకాల వారీగా గ్రామాల పట్టికలు ఉంటాయి. ఇంగ్లీషులో ‘డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ శ్రీకాకుళం 1961’ అని కొట్టి చూడండి. అప్పటికి మండలాలు రాలేదు, ఇంకా తాలూకాలే. ఇప్పటి మండలాల జాబితా తీసుకుంటే మళ్లీ దారి తప్పుతారు. మా పాలకొండనే చూడండి, 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. మాస్టారి రాజాం విజయనగరంలోకి వెళ్లింది. పాత కాగితాలకు పాత జిల్లా, కొత్త పనులకు కొత్త జిల్లా.

బొబ్బిలి విద్యార్థిని
మంగళవారం, రాత్రి 8:25

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. ఇప్పుడు ఇన్ని తిప్పలు ఎందుకండీ? కృత్రిమ మేధను పూర్తి వాక్యంలో అడిగితే అదే చెబుతుంది కదా. మా తరగతిలో మాటలు మార్చి మార్చి వెతికేవాళ్లు ఎవరూ లేరు.

కంప్యూటర్ కుర్రాడు (విజయనగరం)
మంగళవారం, రాత్రి 9:30

చెల్లెమ్మా, నేను అదే రంగంలో పనిచేస్తున్నాను, రోజూ వాడతాను కూడా. ఆ పెద్దాయన ‘గంజాం జిల్లాలో వలసతో ముగిసే ఊర్లేమిటి’ అని అడిగి ఉంటే అది ఒడిశా గంజాం గురించే ఎంతో మర్యాదగా చెప్పి ఉండేది. లేని ఊరి పేరును కల్పించి చెప్పినా చెప్పేది. ప్రశ్నలో ఉన్న పొరపాటు జవాబులోకి చక్కగా అల్లుకుపోతుంది, అందుకే పట్టుకోవడం ఇంకా కష్టం. నేను దాన్ని మాటలు అడగడానికి వాడతాను. ‘ఈ సంగతిని ఈ రంగంలోని వాళ్లు ఏ పేర్లతో పిలుస్తారు’ అని. ఆ పేర్లు తీసుకుని అసలు పుటలు నేనే వెతికి చదువుతాను.

ఇక తెలుగులో వెతికేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి. సెర్చ్ ఇంజన్ ముందుగానే పుటలన్నీ చదివి, ఏ మాట ఏ పుటలో ఉందో పట్టిక కట్టుకుంటుంది, పుస్తకం చివర ఉండే పదసూచిక లాగా. ఇంగ్లీషులో మాట, విభక్తి విడివిడిగా ఉంటాయి. మన తెలుగులో కలిసిపోతాయి. చెట్టు, చెట్టుకు, చెట్ల, చెట్లలో. ఊరు, ఊరి, ఊళ్లో. యంత్రం ఇప్పుడు అర్థాన్ని కూడా కొంత పట్టుకుంటోంది గానీ, తెలుగు రూపాలన్నీ ఒకటేనని ప్రతిసారీ గుర్తుపట్టదు. కోట్ గుర్తుల మధ్య పెట్టిన మాటలను అది ఉన్నవి ఉన్నట్టే వెతుకుతుంది. అందుకే ‘పలాస జీడిపప్పు’ అని కోట్ గుర్తుల మధ్య పెడితే ‘పలాసలో జీడిపప్పు’ అని రాసిన పుట తప్పిపోతుంది. కోట్ గుర్తులు మనుషుల పేర్లకు, పథకాల పేర్లకు బాగా పనికివస్తాయి. మామూలు వాక్యాలకు తెలుగులో వద్దు. ‘జీడిమామిడి’, ‘జీడి మామిడి’ రెండూ కొట్టి చూడాలి, ఒక్క ఖాళీ తేడాతో వేరే పుటలు వస్తాయి.

గూగుల్‌లో ఫలితం కింద ‘మిస్సింగ్’ అని ఒక మాట కొట్టివేసి కనబడుతుంది చూడండి. మీరు అడిగిన ఆ మాట ఆ పుటలో లేదని దాని అర్థం. చాలామంది దాన్ని గమనించరు. ఆ మాటే మీకు ముఖ్యమైతే దానికి మాత్రం కోట్ గుర్తులు పెట్టి మళ్లీ కొట్టండి.

పాత తెలుగు పీడీఎఫ్‌ల సంగతి వేరు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి సంకేత పద్ధతి) రాకముందు డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుటలు కంటికి తెలుగే, లోపల మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ‘గురజాడ’ అని ఎన్నిసార్లు కొట్టినా అందులోని గురజాడ దొరకడు. అలాంటప్పుడు పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా, ఒకటి రెండు మాటలే కొట్టండి. ఎక్కించినవాళ్లు దీర్ఘాలను ఎలా రాశారో మనకు తెలియదు, ఎంత తక్కువ కొడితే అంత మేలు.

బొబ్బిలి విద్యార్థిని
మంగళవారం, రాత్రి 9:48

అన్నయ్యా, వీణ తయారీ మీద ప్రాజెక్టు రాస్తున్నాను. ‘బొబ్బిలి వీణ చెక్క’ అని అడిగితే ఏదో సాధారణంగా చెప్పింది. ఇప్పుడు మీరన్నట్టు పనస కర్ర, ఏకాండి అన్న మాటలు పెట్టి వెతికాను. ఒకే దుంగలో తొలిచే పద్ధతి గురించి వివరంగా వచ్చింది. ఏకాండి అన్న మాట గొల్లపల్లిలో వీణలు చేసే తాతయ్య నోట విన్నదే, అడగాలని తోచలేదు.

టెక్కలి కిరాణా
బుధవారం, ఉదయం 10:05

మాట మార్చడం కాదు, కొన్ని మాటలు అసలు కొట్టకూడదని నేను చెబుతాను. పోయిన ఏడాది డబ్బు పంపే యాప్‌లో రెండు వేలు ఇరుక్కుపోయాయి. ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతికి, పైన కనబడిన నంబరుకు ఫోను చేశాను. మర్యాదగా మాట్లాడి, ఏదో యాప్ ఎక్కించమని, పద్దెనిమిది వేలు లాగేశారు. ఆ నంబరు మోసగాళ్లు పెట్టినది. అక్కా, మీ కొట్టుకు వచ్చినవాళ్లకు చెప్పండి, నంబరు కావాలంటే కార్డు వెనక చూడాలి, పాసు పుస్తకంలో చూడాలి, యాప్ లోపలే చూడాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. నేను మరునాడు చేశాను, అప్పటికే దాటిపోయింది.

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)
బుధవారం, మధ్యాహ్నం 12:40

తమ్ముడూ, మీ మాటలను పెద్ద అక్షరాల్లో రాసి కంప్యూటరు పైన గోడకు అంటించాను. 1930ని ఎర్ర రంగుతో రాశాను.

నాగావళి గారు చెప్పిన పుస్తకం దొరికింది. మొదట ‘శ్రీకాకుళం గ్రామాల జాబితా’ అని కొట్టాను, ఇప్పటి మండలాలు వచ్చాయి. అప్పుడు మీరు చెప్పినట్టు ఇంగ్లీషులో పూర్తి పేరు, 1961 కొట్టాను. పుటలు మసకగా ఉన్నాయి. లోపల ‘వలస’ అని వెతికితే యంత్రం కొన్నింటినే పట్టింది, కాబట్టి తాలూకా పట్టికను నేనే వేలు పెట్టి ఒక్కొక్క వరస చదివాను. చెరిగిన జాగాకు సరిపోయేవి ఐదు.

కోటగుమ్మం (విజయనగరం)
బుధవారం, మధ్యాహ్నం 1:20

ఐదంటే దగ్గరికి వచ్చేశారు. ఇక ఊర్లను పక్కన పెట్టి రంగూన్ వైపు నుంచి రండి. ‘వలస’, ‘తెలుగువారు’ అని కాకుండా ‘కోరంగీలు’ అని వెతకండి. బర్మాలో తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతో అలాగే పిలిచేవారు. అయితే ఒక్క కుటుంబం సంగతి నెట్‌లో ఉంటుందని నేను అనుకోను. ఆ ఐదు ఊర్లలో ‘రంగం వెళ్లినవాళ్ల ఇల్లు’ అని అడగాలి. మనవాళ్లు రంగూన్ అనరు, రంగం అంటారు.

రాజాం మాస్టారు
బుధవారం, మధ్యాహ్నం 2:00

అవును. మా అమ్మమ్మ కూడా రంగమనే అనేది. ఆయనకు ఇంటిపేరు తెలుసు కదా? ఇంటిపేరు, రంగం. ఈ రెండు మాటలూ చాలు. రచ్చబండ దగ్గర పెద్దవాళ్లను అడగమనండి.

జిరాక్స్ కొట్టు (శ్రీకాకుళం)
శుక్రవారం, రాత్రి 8:15

నిన్న ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయలుదేరాం. కొట్టు మా అమ్మాయికి అప్పగించాను. మొదటి రెండు ఊర్లలో ఆ ఇంటిపేరే లేదు. మూడో ఊరిలో ఉంది గానీ, వాళ్లు వేరే చోటి నుంచి వచ్చి ముప్పై ఏళ్లే అయిందట.

ఈ రోజు నాలుగో ఊరు. ఆయన అలవాటు ప్రకారం ‘రంగూన్ వెళ్లిన కుటుంబం’ అని అడిగారు, అరుగు మీద కూర్చున్న ముసలావిడ తల అడ్డంగా ఊపింది. నేను ‘రంగం వెళ్లినవాళ్లు అమ్మా’ అన్నాను. ఆవిడ లేచి నిలబడింది. చెరువు గట్టు వైపు చెయ్యి చూపించి, ‘రంగపోళ్ల ఇల్లా? అదిగో, ఆ చింతచెట్టు పక్కది. పెద్దోడు రంగం పోయి మరి రాలేదు, వాళ్లమ్మ చూసి చూసి పోయింది’ అంది.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆయనకు వరసకు తమ్ముడయ్యేవాళ్లు ఉన్నారు. గోడకు పాత ఫోటో ఒకటి ఉంది. కాగితం మీది ఫోటోను ఫోనులో పెద్దది చేసి పక్కన పెట్టి చూశాం. ఆయన ఆదివారం రైలు టికెట్ రద్దు చేయమన్నారు. ఇప్పుడే చేశాను.